ఒక పచ్చి ఇటుకల ఇల్లు, మూడు పేర్లు: టూసాన్ సోసా-కరియో గృహ చరిత్ర

వ్యాస సంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి ఎడారిలోని టూసాన్ పట్టణంలో 1880 ప్రాంతంలో కట్టిన ఒక పచ్చి ఇటుకల ఇల్లు 1960ల చివరి కూల్చివేతలను తప్పించుకొని నేటికీ నిలిచి ఉంది. సుమారు 80 ఎకరాల పాత పేట నేలమట్టమైనప్పుడు ఈ ఇంటిని కాపాడినది, దానితో అతి స్వల్ప సంబంధం మాత్రమే ఉన్న ఒక రాజకీయ నాయకుని పేరు. ఇంటిని నిలిపిన ఆ పేరే, దానిని కట్టి తొంభై ఏళ్లు కాపురమున్న కుటుంబ చరిత్రను కొన్ని దశాబ్దాల పాటు మరుగున పడవేసింది. ఈ గృహ నిర్మాణాన్ని, యాజమాన్య క్రమాన్ని, నామకరణ వివాదాన్ని పరిశీలించి, వారసత్వ కట్టడాల గుర్తింపులో పేరు నిర్వహించే పాత్రను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పచ్చి ఇటుక, టూసాన్, సొనోరా గృహ విన్యాసం, పట్టణ పునర్నిర్మాణం, వారసత్వ కట్టడాలు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఒక కట్టడం చరిత్రను రాయడానికి సాధారణంగా మూడు రకాల ఆధారాలు లభిస్తాయి. మొదటిది కట్టడమే: దాని గోడలు, కప్పు, గదుల అమరిక. రెండవది పత్రం: క్రయ విక్రయాలు, పటాలు, ప్రభుత్వ దాఖలాలు. మూడవది జనంలో నిలిచిన కథనం. ఈ మూడూ ఏకీభవించిన చోట చరిత్రకారుని పని సులభం. అవి పరస్పరం విభేదించినప్పుడు ఏ ఆధారానికి ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న తలెత్తుతుంది.

అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగర మధ్యభాగంలో, సమావేశ మందిరాల విశాల ప్రాంగణంలో, నేడు ఒంటరిగా కనిపించే సోసా-కరియో గృహం ఇటువంటి ప్రశ్నకు తగిన ఉదాహరణ. చాలాకాలం ఇది 'జాన్ సి. ఫ్రీమాంట్ గృహం'గా ప్రసిద్ధమైంది. తర్వాత 'సోసా-కరియో-ఫ్రీమాంట్ గృహం' అయింది. ఇటీవల 'సోసా-కరియో గృహం' అనే పేరు వాడుకలోకి వచ్చింది. గోడలు మారలేదు, స్థలం మారలేదు. మారినది పేరు మాత్రమే. ఈ మార్పుల వెనుక ఒక పట్టణం తన గతాన్ని ఎవరికి చెందినదిగా భావించిందన్న చరిత్ర ఉంది.

2. చారిత్రక నేపథ్యం

టూసాన్ పరిసరాలు తొహోనో ఓధమ్ ప్రజల ప్రాచీన నివాస భూమి. పట్టణం పేరు కూడా వారి భాషలోనిదే. నల్లని కొండ పాదంలోని చోటు అన్న అర్థం గల మాట స్పానిష్ ఉచ్చారణలో 'టూసాన్'గా రూపొందింది. 1775 ఆగస్టు 20న హ్యూగో ఒకానర్ అనే సైన్యాధికారి ఇక్కడ స్పెయిన్ సైనిక స్థావరానికి స్థలం నిర్ణయించాడు. 1821లో మెక్సికో స్వతంత్రమైన తర్వాత ఇది సొనోరా రాష్ట్రానికి ఉత్తరపు అంచున ఉన్న పట్టణమైంది.

1853 డిసెంబరు 30న కుదిరి, మరుసటి ఏడాది ఆమోదం పొందిన గాడ్స్‌డెన్ ఒప్పందం ప్రకారం అమెరికా కోటి డాలర్లు చెల్లించి సుమారు 29,670 చదరపు మైళ్ల భూమిని మెక్సికో నుంచి కొనుగోలు చేసింది. ఆ భూమిలో టూసాన్ కూడా ఉంది. 1856లో మెక్సికో సైన్యం పట్టణాన్ని విడిచి వెళ్లింది. పౌరులలో అధికులు ఉన్నచోటనే ఉండిపోయారు. వారు వలస వచ్చినవారు కారు. సరిహద్దు రేఖ వారిని దాటి దక్షిణానికి జరిగింది. ఈ గృహ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ విషయం కీలకం. సోసాలు ఆ సైనిక స్థావర కాలం నాటి కుటుంబాలలో ఒకరు. కరియో సొనోరాలో పుట్టి, అధికార మార్పిడి తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడిన వర్తకుడు.

1863లో అరిజోనా ప్రత్యేక ప్రాదేశిక ప్రభుత్వంగా ఏర్పడింది. 1867 నుంచి 1877 వరకు టూసాన్ దానికి రాజధాని. తర్వాత రాజధాని ఉత్తరాన ఉన్న ప్రెస్కాట్‌కు తరలిపోయింది. 1880 మార్చి 20న సదరన్ పసిఫిక్ రైలు టూసాన్ చేరింది. ఈ రెండు ఘటనలూ ప్రస్తుత గృహ చరిత్రతో నేరుగా ముడిపడి ఉన్నాయి.

3. పచ్చి ఇటుక: పదం, పదార్థం

మట్టిని తడిపి, తొక్కి, చెక్క అచ్చులో పోసి, ఎండలో ఆరబెట్టి, కాల్చకుండా వాడే ఇటుకను తెలుగులో పచ్చి ఇటుక అంటారు. దీనికి స్పానిష్ భాషలో 'అడోబె' అని పేరు. ఈ పద ప్రయాణం ఆసక్తికరమైనది. ప్రాచీన ఈజిప్టు భాషలో ఇటుకను తెలిపే మాట కాప్టిక్ భాషలో 'తోబె'గా నిలిచింది. దాని నుంచి అరబిక్ 'తూబ్' ఏర్పడింది. ఆ పదం తన ముందున్న అరబిక్ ఉపపదంతో కలిసి స్పెయిన్‌లో 'అడోబె' అయింది. స్పానిష్ వారితో అమెరికా ఖండం చేరి, అక్కడి నుంచి ఆంగ్లంలోకి ప్రవేశించింది. నైలు నదీ తీరపు మాట సొనోరా ఎడారిలో స్థిరపడటం వెనుక ఒక నిర్మాణ పరిజ్ఞానపు సుదీర్ఘ సంచారం ఉంది.

స్పానిష్ వారి రాకకు ముందే ఈ ఎడారిలో మట్టి గోడలు ఉన్నాయి. స్థానిక ప్రజలు తడి మట్టిని వరుసల మీద వరుసలుగా పేర్చి గోడలు లేపేవారు. టూసాన్‌కు ఉత్తరాన ఉన్న కాసా గ్రాండే అనే బహుళ అంతస్తుల పురాతన కట్టడం ఆ పద్ధతికి ప్రసిద్ధ నిదర్శనం. చెక్క అచ్చుతో ఒకే కొలతలో ఇటుకలు తీసే పద్ధతిని స్పానిష్ వారు తెచ్చారు. సోసా-కరియో గృహపు గోడలు ఈ రెండవ సంప్రదాయానికి చెందినవి.

ఇటుక మట్టిలో ఇసుక, బంకమన్ను తగు పాళ్లలో ఉండాలి. బంకమన్ను ఎక్కువైతే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. ఇసుక ఎక్కువైతే పట్టు ఉండదు. గడ్డి కలిపితే ఆరేటప్పటి సంకోచం సమంగా వ్యాపించి పెద్ద బీటలు పడవు. పట్టణం పునాది కిందనే దొరికే మట్టి, ఏడాదిలో అధిక భాగం కాసే ఎండ, నైపుణ్యం గల చేతులు ఉంటే చాలు. కొలిమి గానీ కట్టెలు గానీ అవసరం లేదు. కట్టెలు అరుదైన ఎడారిలో ఇది ముఖ్యమైన సౌలభ్యం.

టూసాన్‌లో వేసవి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రాత్రి గాలి త్వరగా చల్లబడుతుంది. మందమైన మట్టిగోడ పగటి వేడిని మెల్లగా గ్రహించి, అది గది లోపలికి చేరేసరికి చాలా గంటలు పట్టేలా చేస్తుంది. మధ్యాహ్నం ఇల్లు చల్లగా, రాత్రి గోరువెచ్చగా ఉండటానికి కారణం ఇదే. మట్టిగోడకు శత్రువు వేడి కాదు, నీరు. ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ప్రాంతంలో అందులో దాదాపు సగం వేసవి చివర కొద్ది వారాల్లో కుండపోతగా పడుతుంది. అందువల్ల కప్పునీరు దూరంగా పోయే ఏర్పాటు, ఏటేటా గోడలకు మెత్తుడు అవసరమవుతాయి. మనుషులు విడిచిపెట్టిన మట్టి ఇల్లు ఎక్కువకాలం నిలవదు.

4. సోసా, కరియో కుటుంబాలు

ఈ స్థలం 1860 నాటికి హోసె మరియా సోసా ఆధీనంలో ఉంది. 1878లో సోసా కుటుంబానికి చెందిన మనుయెలా సోసా మెకెన్నా దీనిని కరియో కుటుంబానికి విక్రయించింది. ఆమె పేరు చివరి రెండు మాటలు నాటి టూసాన్ సమాజ స్థితిని సూచిస్తాయి. మెక్సికన్ కుటుంబాల స్త్రీలకు, కొత్తగా వచ్చిన ఆంగ్ల భాషా పురుషులకు మధ్య వివాహాలు ఆనాడు విరివిగా జరిగేవి.

కొనుగోలు చేసిన లియోపోల్డో కరియో పట్టణంలోని అగ్రశ్రేణి సంపన్నులలో ఒకడు. సరకు రవాణా, వర్తకం, పశుపోషణతో పాటు అనేక ఇళ్లను అద్దెకివ్వడం ఆయన వ్యాపకాలు. తర్వాతి సంవత్సరాల్లో ఆయన చెరువులు, చెట్లతో ఏర్పరచిన 'కరియో తోటలు' ఎడారి పట్టణ ప్రజలకు ప్రధాన విహార స్థలమయ్యాయి. ఆ తోటల స్థలంలో తర్వాత వెలసిన ప్రాథమిక పాఠశాలకు నేటికీ ఆయన పేరే ఉంది.

ప్రస్తుత గృహం 1880 ప్రాంతంలో పూర్తయింది. అంటే రైలు టూసాన్ చేరిన కాలంలోనే. కాల్చిన ఇటుక, కోసిన కలప, రేకులు, గాజు అంగట్లో దొరకడం అప్పుడే మొదలైంది. కొత్త వస్తువులను కొనగల స్తోమత ఉన్న కరియో తన కుటుంబ నివాసానికి పచ్చి ఇటుకనే ఎంచుకోవడం గమనార్హం. మట్టి ఇల్లు పేదరికానికి గుర్తు అన్న భావన తర్వాతి దశాబ్దాలలో బలపడినదే తప్ప, ఈ గృహం కట్టిన నాటి పట్టణ ప్రజలది కాదని దీనివల్ల తెలుస్తోంది.

5. సొనోరా గృహ విన్యాసం

ఈ ఇల్లు సొనోరా పట్టణ గృహ సంప్రదాయాన్ని అనుసరించింది. ఇంటి ముఖం వీధి అంచుకు ఆనుకొని ఉంటుంది. ముందు ఖాళీ జాగా ఉండదు. పక్క ఇళ్ల గోడలతో కలిసి వీధికి అవిచ్ఛిన్నమైన గోడ ఏర్పడుతుంది. తెరిచి ఉన్న జాగా అంతా ఇంటి వెనుక పెరడులో ఉంటుంది. వీధి తలుపు నుంచి పెరటి వరకు ఇంటిని రెండుగా విభజిస్తూ సాగే వెడల్పాటి నడవను 'సగువాన్' అంటారు. గదులు ఆ నడవకు ఇరువైపులా అమరుతాయి. రెండు చివరల తలుపులు తీస్తే గాలి ధారాళంగా వీస్తుంది. వేసవిలో కుటుంబ జీవనం అధిక భాగం ఈ నడవలోనే సాగేది.

కప్పు మిద్దె. గోడలపై దూలాలు వేసి, వాటిపై సవారో అనే మహా నాగజెముడు మొక్క ఎండిన తర్వాత మిగిలే పొడవైన పుల్లలను దగ్గరగా పరచి, ఆపై మట్టి వేసి దట్టించేవారు. పైనుంచి దుమ్ము రాలకుండా పలుచని గుడ్డను దూలాల కింద బిగించి కట్టడం ఆనాటి ఇళ్లలో పరిపాటి.

రైలుతో వచ్చిన కొత్త నివాసులు ఇంటికి నాలుగువైపులా ఖాళీ వదిలి, ముందు పచ్చిక పెంచి, వాలు కప్పు వేసుకొన్నారు. రెండు విన్యాసాలలో రెండు జీవన దృక్పథాలు కనిపిస్తాయి. వీధిని ఆనుకొన్న ఇంటిలో ఇరుగుపొరుగు సంబంధం గోడతోనే మొదలవుతుంది. ఈ తేడాను గుర్తించని పట్టణ ప్రణాళికా దృష్టి తర్వాతి కాలంలో ఇటువంటి పేటలను 'ఇరుకైనవి', 'శిథిలమైనవి' అని వర్గీకరించింది.

6. ఫ్రీమాంట్ ప్రస్తావన

జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ (1813-1890) పశ్చిమ ప్రాంతాల అన్వేషకునిగా, 1856లో రిపబ్లికన్ పార్టీ తొలి అధ్యక్ష అభ్యర్థిగా అమెరికా చరిత్రలో ప్రసిద్ధుడు. 1878లో అరిజోనా ప్రాదేశిక గవర్నరుగా నియమితుడయ్యాడు. అప్పటికి రాజధాని ప్రెస్కాట్. పదవిలో ఉన్నంతకాలం ఆయన తరచుగా ప్రాదేశిక సరిహద్దులు దాటి వెళ్లేవాడన్న విమర్శ ఎదుర్కొన్నాడు. 1881లో పదవి వదులుకొన్నాడు.

1881లో కరియో ఇంటిని ఫ్రీమాంట్ అద్దెకు తీసుకొన్నాడని, ఆయన కుమార్తె ఎలిజబెత్ ఇక్కడ నివసించిందని ఒక కథనం వ్యాప్తిలో ఉంది. ఈ కథనాన్ని పూర్తిగా అంగీకరించినా, ఆ ఇంటితో ఆయన అనుబంధం కొద్ది నెలలకు మించదు. 2010లో అరిజోనా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన 'లా కాయె' గ్రంథంలో చరిత్రకారులు లిడియా ఒటేరో ఈ సంబంధాన్నే ప్రశ్నించి, దానికి లభించిన ప్రాధాన్యాన్ని విమర్శించారు. మరోవైపు, 1878 నుంచి 1968 వరకు, అంటే తొంభై సంవత్సరాలు, ఇల్లు కరియో కుటుంబానిదే.

7. కూల్చివేత

1949 నాటి గృహ నిర్మాణ చట్టం పాత పేటలను తొలగించడానికి కేంద్ర నిధులను సమకూర్చింది. ఆ నిధులతో చేపట్టిన 'ప్యూబ్లో సెంటర్' పథకానికి 1966 మార్చి 1న టూసాన్ ఓటర్లు ఆమోదం తెలిపారు. కూల్చివేతలు 1967లో ఆరంభమయ్యాయి. సుమారు 80 ఎకరాలలోని ఇళ్లు, దుకాణాలు, సినిమా హాళ్లు, వీధులు తొలగిపోయాయి. ఆ పేటలో అధికులు మెక్సికన్ అమెరికన్లు. వారితో పాటు ఆఫ్రికన్ అమెరికన్లు, చైనీయులు కూడా తరతరాలుగా నివసించారు. ఆ స్థలంలో నిర్మించిన సామాజిక సమావేశ కేంద్రం 1971లో ప్రారంభమైంది.

ప్రతిఘటన లేకపోలేదు. పాత చర్చి ముందరి 'లా ప్లసీతా' చౌకాన్ని కాపాడాలని ఆల్వా టోరెస్ నాయకత్వంలో ఒక సంఘం పోరాడింది. తమ తల్లిదండ్రుల పెళ్లిళ్లు, పండుగలు జరిగిన చోటు చారిత్రక స్థలమేనని వారి వాదం. ఆ చౌకం మిగల్లేదు. దాని మధ్యనున్న చిన్న మండపం మాత్రమే జ్ఞాపకంగా నిలిచింది.

ఇదే కాలంలో గవర్నరు పేరుతో ముడిపడిన ఇల్లు మాత్రం కూల్చివేత జాబితా నుంచి బయటపడింది. కరియో వారసులు 1968లో ఇల్లు ఖాళీ చేశారు. చుట్టూ ఉన్న ఇళ్లన్నీ నేలమట్టమయ్యాయి. 1971లో ఈ గృహం జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది. అనంతరం అరిజోనా చారిత్రక సంఘం నిర్వహణలో 'ఫ్రీమాంట్ గృహం'గా సందర్శకులకు తెరుచుకొంది.

8. నిలిపిన పేరు, మరుగుపరచిన పేరు

ఇక్కడ ఒక కాలసామ్యాన్ని గమనించాలి. టూసాన్ ఓటర్లు కూల్చివేతను ఆమోదించిన 1966లోనే, అక్టోబరు నెలలో, జాతీయ చారిత్రక సంరక్షణ చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన పట్టికలో చేర్చడానికి నాలుగు గీటురాళ్లు ఉన్నాయి: ముఖ్య సంఘటనలతో సంబంధం, ముఖ్య వ్యక్తులతో సంబంధం, నిర్మాణ విశిష్టత, పరిశోధనకు ఉపకరించే సమాచారం. ఫ్రీమాంట్ పేరు రెండవ గీటురాయికి సులభంగా ఒదిగే పేరు. నిజానికి ఇదే ఇల్లు మూడవ గీటురాయికి, అంటే సొనోరా గృహ విన్యాసానికి ప్రతినిధిగా, మరింత సహజంగా తూగుతుంది. ముఖ్య వ్యక్తులు అన్న మాటలో లియోపోల్డో కరియో ఎందుకు ఇమడడన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ ప్రశ్నకు సమాధానం ఇంటిలో లేదు. ముఖ్యులెవరో నిర్ణయించిన వారి దృష్టిలో ఉంది.

అయితే ఫ్రీమాంట్ పేరును వాడినవారిని నిందించడంతో చర్చ ముగియదు. ఆ పేరు లేకుంటే ఇల్లు కూడా పేటతో పాటే పోయేదన్నది బలమైన సంభావ్యత. గోడలు పోయిన తర్వాత పేరు సరిదిద్దడానికి అవకాశమే ఉండదు. అదే సమయంలో, పేరు సరిపోని చోట గోడలు ఏం చెబుతున్నాయో సందర్శకునికి వినబడదు. గవర్నరు కాలపు సామాను అమర్చిన గదిలో నిలబడిన వ్యక్తి, ఆ నడవలో తొంభై ఏళ్లు తిరిగిన కుటుంబాన్ని ఊహించలేడు. సంరక్షణ, విస్మరణ ఒకే చర్యలో కలిసి ఉండటం ఈ గృహ చరిత్రలోని వైచిత్రి.

తర్వాతి దశాబ్దాలలో సోసా, కరియో పేర్లు ఇంటి పేరులో చేరాయి. ఇటీవల టూసాన్ పూర్వ సైనిక స్థావర కుటుంబాల వారసుల సంఘం ఈ ఇంటిలో మెక్సికన్ అమెరికన్ వారసత్వ ప్రదర్శనశాలను నెలకొల్పడంతో, ఫ్రీమాంట్ పేరు తొలగి 'సోసా-కరియో గృహం' అన్న పేరు స్థిరపడుతోంది. కూల్చివేతలలో మాయమైన పేట కథను చెప్పడానికి ఆ పేటలో మిగిలిన ఇంటినే వేదికగా చేసుకోవడం ఔచిత్యవంతం.

9. గోడల సంరక్షణ: ఒక సాంకేతిక పాఠం

మట్టిగోడల సంరక్షణ చరిత్ర కూడా ఈ చర్చకు ఉపకరిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో పచ్చి ఇటుకల గోడలకు గట్టిదనం కోసం సిమెంటు పూత వేయడం వ్యాపించింది. చూడటానికి గోడ దృఢంగా ఉంటుంది. కానీ నేల నుంచి పైకి పాకిన తేమ మట్టి మెత్తుడు ద్వారా ఆవిరైనట్లు సిమెంటు ద్వారా ఆవిరి కాలేదు. తేమ లోపలే నిలిచి, పూత వెనుక ఇటుక మెత్తబడి, గోడ అడుగుభాగం కుంగుతుంది. పైకి కనిపించని నష్టం కనుక గుర్తించేసరికి ఆలస్యమవుతుంది. అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ 1978లో వెలువరించిన పచ్చి ఇటుక కట్టడాల సంరక్షణ సూచనలు ఈ ప్రమాదాన్ని వివరించాయి. గోడ స్వభావానికి సరిపడే పదార్థంతోనే మరమ్మతు చేయాలన్నది వాటి సారాంశం. గోడకు చెల్లే ఈ నియమం చరిత్ర కథనానికీ కొంతవరకు చెల్లుతుంది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. సోసా-కరియో గృహం రైలు రాకతో పట్టణ నిర్మాణ సామగ్రి మారుతున్న సంధికాలంలో, సంపన్న కుటుంబం ఇష్టపూర్వకంగా ఎంచుకొన్న పచ్చి ఇటుకల కట్టడం. మట్టి ఇంటిని పేదరికానికి పర్యాయంగా చూసే దృష్టికి ఇది ప్రత్యుదాహరణ.

2. యాజమాన్య క్రమం, నివాస కాలం అన్న రెండు ప్రమాణాలలోనూ ఇంటి చరిత్ర సోసా, కరియో కుటుంబాలది. ఫ్రీమాంట్ సంబంధం అత్యధికంగా అంచనా వేసినా కొద్ది నెలల అద్దెకు పరిమితం.

3. కూల్చివేత కాలంలో ఇంటిని కాపాడినది కట్టడపు విశిష్టత కంటే ప్రసిద్ధుని పేరు. ఆ పేరు కట్టడాన్ని నిలిపింది; అది ఏ పేటకు చెందినదో ఆ పేట చరిత్రను చాలాకాలం మూసివేసింది.

4. ఇంటికి పేరు మారడం అలంకారప్రాయమైన మార్పు కాదు. ఏ ఆధారాన్ని ప్రధానంగా తీసుకొన్నామన్న నిర్ణయం పేరులో వ్యక్తమవుతుంది. కట్టడం, పత్రం, కథనం విభేదించినప్పుడు, ప్రసిద్ధమైన కథనానికి ముందు స్థానం ఇవ్వడం పరిపాటి అయింది. సోసా-కరియో గృహ చరిత్ర ఆ పరిపాటిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని తెలుపుతోంది.

80 ఎకరాల పేటలో ఒకటిగా ఉన్న ఇల్లు నేడు ఒంటరి ఇల్లు. పక్క గోడలకు ఆనుకొని నిలవడానికి కట్టిన ఇంటికి ఇప్పుడు పక్క గోడలు లేవు. పేరు తిరిగి వచ్చింది; పేట తిరిగి రాలేదు.